మేస్త్రీ గారూ, సగం కూలెంటే బయటికొచ్చింది!

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. నేను మిషిగన్‌లో, నోవైలో ఉంటాను. మా వీధిలో రిటైరైన ఒకాయన దగ్గర 1992 మాజ్డా మియాటా కారు కొన్నాను. 1.6 ఇంజిన్, మాన్యువల్ గేర్లు. కూలెంట్ ఎప్పుడు మార్చారో ఆయనకే గుర్తు లేదు. మొన్న శనివారం రేడియేటర్ కింద ప్లగ్ తీసి దింపేశాను. మాన్యువల్లో 6 లీటర్లు అని ఉంది. నాకు మాత్రం 3 లీటర్లే వచ్చింది. మిగతాది ఎక్కడుంది? ఇంజిన్ బ్లాకుకు ఉన్న ప్లగ్ కూడా తీయాలా? గార్డెన్ హోస్ పెట్టి రెండు మూడుసార్లు బాగా కడిగేసి, షాపులో దొరికే 50/50 ప్రీమిక్స్, అంటే ముందే సగం నీళ్లు కలిపిన కూలెంట్, పోద్దామనుకుంటున్నాను. ఇంకో మాట, రేడియేటర్ పైభాగంలో ప్లాస్టిక్ నల్లగా కాకుండా గోధుమ రంగులో ఉంది. అది మురికేనా? చలికాలం దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, ముందు ఆ ప్రీమిక్స్ డబ్బాల సీలు తీయకండి. రసీదు ఉంటే షాపులో తిరిగిచ్చి, వాటి బదులు నీళ్లు కలపని కూలెంట్ ఒక గాలన్ తెచ్చుకోండి. ఎందుకో చెబుతాను. ఈ ఉత్తరంలో నాకు భయం వేసింది ఆ ఒక్క మాటకే.

మీరు పొరపాటేమీ చేయలేదు. ఈ కారులో రేడియేటర్ ప్లగ్ తీస్తే దాదాపు సగమే వస్తుంది. మిగతా సగం ఇంజిన్ బ్లాకులో, సిలిండర్ హెడ్‌లో, డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్‌లో నిలిచిపోతుంది. ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య థర్మోస్టాట్ అనే కవాటం ఉంటుంది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అది మూసుకుని ఉంటుంది కనుక ఆ దారిన అది కిందికి దిగదు.

ఇప్పుడు మీ ప్లాను ప్రకారం వెళితే ఏమవుతుందో లెక్క చూడండి. హోస్‌తో బాగా కడిగారు. లోపల ఉన్న 3 లీటర్లూ ఇప్పుడు మామూలు నీళ్లు. రేడియేటర్ ఖాళీ చేసి 3 లీటర్ల ప్రీమిక్స్ పోశారు. అందులో గడ్డకట్టకుండా కాపాడే గ్లైకాల్ అనే అసలు సరుకు లీటరున్నరే. మొత్తం 6 లీటర్లలో లీటరున్నర, అంటే 25 శాతం. డబ్బా మీద 50 అని రాసి ఉంటుంది, కారులో మాత్రం 25 ఉంటుంది. సగానికి సగం కలిపిన కూలెంట్ సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. 25 శాతానికి మైనస్ 12 దగ్గరే మంచు పలుకులు మొదలవుతాయి. మిషిగన్ జనవరిలో మైనస్ 12 అంటే ఒక మామూలు రాత్రి.

అది ఒక్కసారిగా రాయిలా గడ్డకట్టదు. ముందు ముద్దముద్దగా అవుతుంది. ఆ ముద్ద రేడియేటర్ సన్నటి గొట్టాల్లో అడ్డం పడితే నీళ్లు తిరగవు. బయట ఎముకలు కొరికే చలి, లోపల ఇంజిన్ ఓవర్‌హీట్. ఒహాయోలో మేము పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే షెడ్డుకి చలికాలంలో ఇలాంటి కారు వచ్చినప్పుడల్లా ఓనరు అడిగే మొదటి మాట, ఇంత చలిలో వేడెక్కడమేమిటి అని. ఇంకా చలి ముదిరితే నీరు మంచుగా మారి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. బ్లాకు పగిలిందంటే ఇక ఆ కారు సంగతి మరిచిపోవడమే.

అందుకే నేను పిల్లలకి పని నేర్పేటప్పుడు స్పానర్ కంటే ముందు కొలతలున్న బకెట్టు చేతికిస్తాను. ఎంత దిగిందో కొలవండి, మాన్యువల్ అంకెలోంచి తీసేయండి. లోపల ఎంత ఉందో, అది ఏమిటో తెలియకుండా ఒక్క చుక్క కూడా పోయొద్దు. మీరు కొలిచారు, చాలా సంతోషం. ఆ కొలతని ఇప్పుడు వాడుకోవాలి.

బ్లాకు ప్లగ్ సంగతి. ముప్ఫై ఏళ్లు దాటిన కారు. ఆ ప్లగ్ బహుశా ఫ్యాక్టరీలో బిగించాక మళ్లీ కదిలి ఉండదు. ఈ కారు బ్లాకు పోత ఇనుము. తుప్పు పట్టి కూర్చున్న ప్లగ్‌ని ఇంట్లో జాక్ స్టాండ్ల మధ్య పడుకుని తిప్పబోతే తల గుండ్రంగా అరిగిపోవడమే ఎక్కువ. దాన్ని వదిలేయండి. డిస్టిల్డ్ వాటర్‌తో నింపి దింపడం, మళ్లీ నింపి దింపడం మంచి పద్ధతి. ఒకసారి చేస్తే పాతది సగమవుతుంది, రెండోసారికి పావు, మూడోసారికి అందులో సగం. ఓపిక కావాలి, ఎందుకంటే ప్రతిసారీ ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకుంటేనే రేడియేటర్ నీళ్లు బ్లాకు నీళ్లతో కలుస్తాయి. కలిశాక మళ్లీ పూర్తిగా చల్లారాలి. శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రం దాకా పెట్టుకోండి. తొందరపడి వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్ వంగే ప్రమాదం ఉంది.

గార్డెన్ హోస్ నాకు ఇష్టం లేదు. పంపు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. జపాన్ కార్లకి సరిపడే కూలెంట్లలో చాలావాటిలో ఫాస్ఫేట్ ఉంటుంది. ఫాస్ఫేట్, కాల్షియం కలిస్తే తెల్లటి గారలా పేరుకుంటుంది. మరీ బురదగా ఉంటే మొదట ఒకసారి హోస్ వాడండి, కానీ తర్వాతి కడుగుళ్లన్నీ డిస్టిల్డ్ వాటర్‌తోనే. గాలన్ ఒకటి రెండు డాలర్ల నీళ్ల దగ్గర పొదుపు చేయొద్దు.

ఇక పని చేసే వరస. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత ముట్టుకోండి. రాత్రంతా నిలిచిన కారైతే మరీ మంచిది. వేడి మీద లోపల ప్రెషర్ వల్లే కూలెంట్ మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం అంతా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీల దగ్గర పని నేర్చుకునే రోజుల్లో చేతులు కాలిన కుర్రాళ్లని చూశాను. గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగదు.

కింది ప్లగ్ ప్లాస్టిక్‌ది. వయసు మీద పెళుసెక్కి ఉంటుంది. ఈసారి సులువుగా వచ్చింది, సరే. మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు రింగు కొత్తది వేసి, చేత్తో పట్టిన దానికంటే కాస్త మాత్రమే ఎక్కువ బిగించండి. అది ఎప్పుడైనా మొండికేస్తే బలవంతం చేయకుండా కింది హోస్ క్లిప్పు వదులు చేసి హోస్ తీసేయండి. హోస్‌ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తకూడదు. రేడియేటర్ మెడ కూడా ప్లాస్టిక్కే. చేత్తో అటూ ఇటూ మెలితిప్పితే వస్తుంది.

రేడియేటర్ నుంచి పొంగిన కూలెంట్ చేరే ఓవర్‌ఫ్లో బాటిల్‌ని చాలామంది మరిచిపోతారు. ఏళ్ల మడ్డి అంతా దాని అడుగునే ఉంటుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు రేడియేటర్ ఆ బాటిల్లోంచే వెనక్కి పీల్చుకుంటుంది, అంటే మీరు కష్టపడి కడిగిన దాంట్లోకి ఆ మడ్డే పోతుంది. ఊడదీసి కడగండి.

దిగినదాన్ని పారబోసే ముందు వెలుతుర్లో చూడండి. ఆకుపచ్చగా, తేటగా ఉంటే ఇన్నాళ్లూ ఎవరో శ్రద్ధ తీసుకున్నట్టే. ఇటుక రంగులో ఉంటే బ్లాకు తుప్పు పడుతోంది, ఇంకో రెండు కడుగుళ్లు ఎక్కువ చేయండి. చిక్కటి గోధుమ రంగు జిగురులా ఉంటే రెండు పడని రకాల కూలెంట్లు కలిశాయనో, లీకులు ఆపే మందేదో పోశారనో అనుకోవాలి. అప్పుడు హీటర్ కోర్ విడిగా కడగాల్సి వస్తుంది. పైన నూనె తెట్టు కనిపిస్తే మాత్రం పని అక్కడితో ఆపండి. హెడ్ గాస్కెట్, అంటే బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు, పరీక్ష చేయించాకే కొత్త కూలెంట్ సంగతి. నీలం ద్రవంతో చేసే పరీక్ష ఒకటుంది, రేడియేటర్‌లోకి ఇంజిన్ పొగ వస్తుంటే ఆ ద్రవం పసుపు పచ్చగా మారుతుంది.

కూలెంట్ రకానికి వస్తే, రంగు చూసి కొనొద్దు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు అమ్ముతున్నారు. డబ్బా వెనక చదవండి. ఆసియా కార్లకి అని, ఫాస్ఫేట్ ఉంది, సిలికేట్ లేదు అని రాసి ఉన్నది ఈ ఇంజిన్‌కి నప్పుతుంది. పాతకాలపు ఆకుపచ్చ రకం కూడా పనిచేస్తుంది, కానీ రెండేళ్లకోసారి మార్చాలి.

చివరి కడుగు దింపాక, మీ బకెట్టులో 3 లీటర్లు పడితే లోపల 3 లీటర్ల స్వచ్ఛమైన నీళ్లు ఉన్నట్టు. ఇప్పుడు నీళ్లు కలపని కూలెంటే 3 లీటర్లు పోయండి. అంతే, సగానికి సగం కుదిరింది. ఒక గాలన్ డబ్బాలో సుమారు 3.8 లీటర్లు ఉంటుంది. మిగిలిన దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో సమంగా కలిపి ఓవర్‌ఫ్లో బాటిల్‌కీ, తర్వాత తగ్గినప్పుడు పోయడానికీ వాడండి. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదేమో అనుకోకండి. నీళ్లు లేని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, పైగా వేడిని నీళ్లంత బాగా మోయలేదు. చివర్లో కూలెంట్ ఎంత చలి దాకా ఆగుతుందో చూపే రిఫ్రాక్టోమీటర్‌లో ఒక చుక్క వేసి చూసుకోండి. అది పెద్ద ఖరీదు కాదు, ప్రతి చలికాలం ముందూ పనికొస్తుంది.

నింపేటప్పుడు గాలి తీయడం ముఖ్యం. కారు ముందుభాగం ఎత్తండి, రేడియేటర్ మూత అన్నిటికన్నా పైన ఉండాలి. గరాటు పెట్టి నెమ్మదిగా పోస్తూ పై హోస్‌ని చేత్తో పిసకండి, బుడగలు వస్తాయి. హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, మూత వేయకుండానే ఇంజిన్ ఐడిలింగ్‌లో వదలండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే లెవెల్ ఒక్కసారి కిందికి దిగుతుంది, మళ్లీ పోయండి. రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగేదాకా కారు దగ్గరే ఉండండి. హీటర్‌లోంచి వేడి గాలి నిలకడగా వస్తూ, డాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎప్పుడూ నిలిచే చోటే నిలిస్తే సరే. ముల్లు ఎక్కుతూ హీటర్ గాలి చల్లగా వస్తోందంటే లోపల ఎక్కడో గాలి పట్టుంది, వెంటనే ఆపేయండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద మళ్లీ చూడండి, కాస్త తగ్గి ఉంటుంది.

ఈ కారు దగ్గర నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ ఇంజిన్ వంశం మాజ్డా 323 అనే కారుది. అందులో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలు నడుస్తాయి. మియాటా కోసం దాన్ని నిలువుగా తిప్పి కూర్చోబెట్టినప్పుడు వేడి నీళ్లు బయటికి వచ్చే దారిని, థర్మోస్టాట్‌ని ముందువైపు పెట్టారు. అటు వాటర్ పంపూ ముందే ఉంది. దాంతో వెనకనున్న నాలుగో సిలిండర్ వైపు నీళ్ల ప్రవాహం తక్కువ. రేసు ట్రాకు మీద నడిపేవాళ్లు అందుకే ఆ దారిని మళ్లీ వెనక్కి మార్పించుకుంటారు. రోడ్డు మీద నడిపే మీకు ఆ మార్పు అవసరం లేదు, కానీ కూలెంట్ తక్కువైనా గాలి పట్టినా ముందు దెబ్బతినేది ఆ వెనక సిలిండరే.

రేడియేటర్ మీద గోధుమ రంగు మురికి కాదు. కొత్తగా ఉన్నప్పుడు ఆ ట్యాంకు నల్లగా ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి కాలి ఆ రంగుకి వస్తుంది. ఇక ఎప్పుడైనా చీలవచ్చు. మియాటా నడిపేవాళ్లందరికీ తెలిసిన గుర్తు ఇది. ఎలాగూ ఖాళీ చేశారు కాబట్టి రేడియేటర్, పై కింది హోస్‌లు, మూత, థర్మోస్టాట్ ఇప్పుడే కొత్తవి వేయండి. అప్పుడు ఆ కింది ప్లగ్ గొడవా ఉండదు. థర్మోస్టాట్‌కి చిన్న కదిలే పిన్ను ఉంటుంది, అది పైకి ఉండేలా బిగించాలి, గాలి అందులోంచే పోతుంది. కింద ఉండే ప్లాస్టిక్ పళ్లెం విరిగిందనో బోల్టులు లేవనో పక్కన పడేయొద్దు. గాలిని రేడియేటర్‌లోకి మళ్లించేది అదే. అది లేని మియాటాలు హైవే స్పీడులో వేడెక్కుతాయి.

చివరిగా ఆ బకెట్టు. బాబూ, దయచేసి దాన్ని రాత్రి గరాజ్‌లో మూత లేకుండా వదలొద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకుతాయి, చిన్నపిల్లలు రంగు చూసి నోట్లో పెట్టుకుంటారు. పిల్లి ప్రాణం పోవడానికి ఒకటి రెండు చెంచాలు చాలు. మొదట తాగినట్టు తూలి, తర్వాత తేరుకున్నట్టే కనిపిస్తారు. ఆ లోపల కిడ్నీలు పాడవుతూ ఉంటాయి. అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగకుండా మనుషులైతే పాయిజన్ కంట్రోల్‌కి 1-800-222-1222 నంబర్‌కి ఫోన్ చేయండి, జంతువులైతే నేరుగా వెటర్నరీ ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. విరుగుడు ఉంది, కానీ తొందరగా పడాలి. నేల మీద పడిన చుక్కల్ని నీళ్లతో కడిగి తుడవండి. పాత కూలెంట్‌ని వాడిన ఇంజిన్ ఆయిల్‌తో కలపకుండా విడి డబ్బాలో పోసి, మూత బిగించి, పైన పేరు రాసి, మీ కౌంటీ వాళ్లు ఇళ్లలోని ప్రమాదకరమైన చెత్త తీసుకునే రోజున ఇచ్చేయండి. వీధి డ్రెయిన్‌లో పోయడం తప్పు, ఆ నీళ్లు వెళ్లేది వాగుల్లోకి.

ప్రశ్న: మాది హైదరాబాద్. మా మామగారు గల్ఫ్ నుంచి తెచ్చుకున్న 1993 మెర్సిడెస్ ఎస్ఎల్ ఇప్పుడు నా దగ్గర ఉంది. డ్రైవర్ నెలకోసారి రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తాడు. ఇక్కడ మంచు పడదు కదా, కూలెంట్ తప్పనిసరా?

జవాబు: తప్పనిసరేనమ్మా. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూతలో రబ్బరు బాగుంటే ప్రెషర్ కాపాడుతుంది, అరిగితే మే నెల ట్రాఫిక్‌లో మరిగిపోతుంది. గ్లైకాల్ ఆ మరిగే హద్దుని పెంచుతుంది. అంతకన్నా ముఖ్యం, అందులోని రసాయనాలు అల్యూమినియాన్ని తుప్పు నుంచి కాపాడతాయి, వాటర్ పంపు సీలు ఎక్కువ కాలం ఉంటుంది. బోరు నీళ్లు మీ ఇంటి గీజర్ కాయిల్‌కి ఏం చేస్తాయో రేడియేటర్‌కీ అదే చేస్తాయి.

అయినా నన్ను కలవరపెట్టేది నెలకోసారి అన్న మాట. బాగున్న కారు నెలనెలా నీళ్లు అడగదు. ఎక్కడో కారుతోంది. ప్రెషర్ పంపు పెట్టి పరీక్ష చేయించండి. హోస్‌ల చివర్లు, వాటర్ పంపు కింద, లోపల కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉందేమో చూడండి. కార్పెట్ తడిసి తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ కారుతున్నట్టు. లీకు సరిచేశాకే పాతదంతా దింపించి, కడిగించి, మెర్సిడెస్ 325.0 ఆమోదం ఉన్న కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం పోయించండి. పైన మియాటా బాబుకి చెప్పిన జపాన్ రకం మీ కారుకి వద్దు. డ్రైవర్‌ని కోప్పడకండి. అతను రోజూ చూస్తున్నాడు కాబట్టే ఇంజిన్ ఇంకా బతికుంది.

ప్రశ్న: అన్నగారూ, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. 1987 పోర్షా 911 కరెరా ఒకటి బేరమాడుతున్నాను. సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి, కానీ కూలెంట్ మార్చినట్టు ఒక్క రసీదు కూడా లేదు. వదిలేయమంటారా?

జవాబు: ఆ కారణంతో వదలొద్దు తమ్ముడూ. ఆ కారులో కూలెంటే లేదు. 911లు 1990ల చివరిదాకా గాలితో చల్లబడేవే. ఇంజిన్ వెనక పెద్ద ఫ్యాన్ గాలి విసురుతుంది, మిగతా వేడిని ఇంజిన్ ఆయిల్ మోస్తుంది. ముందు కుడి ఫెండర్ లోపల ఆయిల్ కూలర్ ఉంటుంది.

కాబట్టి మీరు చూడాల్సింది ఆయిల్ రసీదులు. ఇందులో సుమారు 13 లీటర్ల ఆయిల్ పడుతుంది, అదీ రెండు చోట్ల ఉంటుంది, ఇంజిన్ కింద కొంత, విడి ట్యాంకులో కొంత. మార్చేటప్పుడు రెండు ప్లగ్‌లూ తీయాలి, అయినా కూలర్‌లో, పైపుల్లో కొంత మిగిలిపోతుంది. రసీదుల్లో ప్రతిసారీ 5 లీటర్లే కనిపిస్తే ఒక్క చోటే దింపి వదిలేశారని అర్థం. బేరం ముగిసేలోపు ఆ మెకానిక్‌ని పిలిచి అడగండి. కారు చూడటానికి వెళ్లినప్పుడు కనీసం అరగంట నడపండి. చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపకుండా ఐడిలింగ్‌లోనే ఆయిల్ కొలిచే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూడండి. చల్లటి ఇంజిన్ మీద ఈ కారు డిప్‌స్టిక్ పొడిగానే కనిపించవచ్చు, అది చూసి ఎవరైనా ఇంకో రెండు లీటర్లు పోస్తే పొంగి ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది. ఫిల్టర్ పెట్టె మూత తీసి అడుగున ఆయిల్ తడి ఉందేమో అది కూడా చూసుకోండి.